దున్నని మాగాణి - పాడి పశువు మేత

సంఘ సభ్యులకు,

తనిఖీకి వెళ్లిన ఊళ్లలో మేము తరచు ఒక సంగతి చూస్తున్నాము. మిషనుతో వరి కోయించిన రైతు చేలోని గడ్డికి నిప్పు పెడతాడు. ఎండాకాలం వచ్చేసరికి అదే రైతు గేదెకు గడ్డి కొనడానికి సంఘంలో అడ్వాన్సు అడుగుతాడు. ఈ రెండు నష్టాలూ తప్పించుకునే మార్గం తెలుసుకుందాము.

విజయపురి సౌత్ వద్ద మొదలయ్యే సాగర్ కుడి కాలువకు 1967 ఆగస్టు 4న నీరు వదిలారు. పల్నాట మాగాణి పెరిగింది. కాని కాలువ నీరు ఆలస్యమైన ఏట వరికోతకు, రెండవ పైరుకు మధ్య వ్యవధి చాలదు. ఉమ్మడి గుంటూరు జిల్లా డెల్టా రైతులు మినుముకు పల్లాకు తెగులు, బంగారు తీగ బెడద హెచ్చగా, 2000 తరువాతి సంవత్సరాలలో వరి మడిని దున్నకుండానే మొక్కజొన్న విత్తసాగారు. పదును ఉండగానే వరుసల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్ల ఎడంతో గుంటలు చేసి గింజ వేస్తారు. దుక్కి ఖర్చు మిగులుతుంది. మోళ్లు తేమను కాపాడతాయి, మట్టి కొట్టుకుపోదు. అయితే ఇది తేమ నిలిపే బరువు నేలలకే తగును. ముందు కొద్ది సెంట్లలో వేసి చూడవలెను.

మరి గడ్డి నేలకా, గేదెకా? రెండింటికీ అని మా సలహా. టన్ను వరిగడ్డిలో సుమారు 5 కిలోల నత్రజని, 20 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. కనుక మోడు నేలకు విడిచి, పైగడ్డి వామి వేయండి. పేడ ఎరువు తిరిగి మడికి చేర్చండి.

గడ్డికి బలం చేకూర్చుటకు:

1. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి తొక్కవలెను.
2. గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచవలెను.
3. ఘాటు పోయేదాకా ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీళ్లు పశువు నోటికి అందనీయరాదు.

ఒక హెచ్చరిక. దున్నని చేలో కలుపుకు పారాక్వాట్ చల్లుతున్నారు. దానికి విరుగుడు మందు లేదు. ఆ మందు పడిన గడ్డి పశువుకు వేయరాదు. ఆ డబ్బాలను పాలకు, నీళ్లకు వాడరాదు.

కార్యదర్శులు ఈ పాఠాన్ని సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించి, తమ ఊళ్లో ఈ ఏడు ఎన్ని ఎకరాల గడ్డి కాలిపోయినదో లెక్క వ్రాసి ఉంచవలెనని కోరుతున్నాము. తదుపరి తనిఖీలో మేము మొదట ఆ లెక్కే అడుగుతాము.