కళాశాల గడపయొద్ద

విద్యార్థులారా!

పదవ తరగతి పరీక్షలు సమీపించిన కొలదియు మన పాఠశాలలో ఏటేట ఒకే ప్రశ్న వినవచ్చుచుండును: "మాస్టారూ! కాలేజీలో మేము నెగ్గుకురాగలమా?" ఆ ప్రశ్నలో నా పాత గొంతు నాకు వినబడును. 1996లో, పదునారేండ్ల ప్రాయమున, తెలుగు మాధ్యమమున పదవ తరగతి ముగించి నేనును ఈ గడపయొద్దనే నిలిచితిని. నాడు నాకు దారి చెప్పినవారు లేరు. ఆ బాలుడే ఇపుడు నా యెదుట బల్లపై కూర్చుండినచో ఏమి చెప్పుదునో, ఆ మాటలనే మీకొరకు ఇచట వ్రాయుచున్నాను. ఇందు నా తప్పులును గలవు. తప్పులను దాచి చెప్పిన హితము ఎవరికిని ఉపకరింపదు.

1. తెలిసినదియే తెలియనట్లు తోచుట

నేను ప్లస్ టూ విజ్ఞానశాఖలో చేరితిని. చేరిన వారము దినములలోపల వృక్షశాస్త్రపు అధ్యాపకులు తరగతిలో నావైపు చూచి, "ఫోటోసింథసిస్ అనగానేమి?" అని ఆంగ్లమున ప్రశ్నించిరి. నేను లేచి నిలువబడితిని. నోట మాట రాలేదు. ఆయన నన్ను కూర్చుండుమని వేరొకని నడిగిరి. అతడు చెప్పనారంభించెను: ఆకులలోని పత్రహరితము, సూర్యకాంతి, నీరు, బొగ్గుపులుసు వాయువు, పిండిపదార్థము, ప్రాణవాయువు. అప్పుడు నాకు తెలిసినది, అది మన కిరణజన్య సంయోగక్రియయే యని! పదవ తరగతిలో దానిపై రెండు పుటలు తప్పులేకుండ వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడను నేనే.

ఆ దినమున నేను నేర్చుకొనవలసిన పాఠమొకటి, నేర్చుకొన్నది మరియొకటి. "నాకు విషయము తెలియును, దాని ఆంగ్లనామము మాత్రమే తెలియదు" అని తలపవలసినది. "నాకేమియు రాదు, తెలుగులో చదువుటచేతనే చెడితిని" అని తలచితిని. ఈ రెంటికిని నడుమ ఎంతో దూరమున్నది. పేరు తెలియకపోవుట ఒక సాయంకాలమున తీరు కొరత. నాకేమియు రాదను భయమో, నన్ను ఏడాదిపాటు వెనుక బల్లపై కూర్చుండబెట్టినది.

కావున ఆ బాలునకు నేను చెప్పు మొదటి మాట ఇది: నీవు వట్టిచేతులతో పోవుటలేదు. నీ మూటలో సరకున్నది, దానిపై చీటీలు మాత్రము వేరు లిపిలో వ్రాయవలసియున్నది.

2. మూడు గడుల పుస్తకము

ఆ చీటీలు వ్రాయు పద్ధతిని నేను చాల ఆలస్యముగా కనుగొంటిని. మీరు వేసవి సెలవులలోనే ఆరంభింపవచ్చును. ఒక నోటుపుస్తకమున ప్రతి పుటయందును మూడు గడులు గీయుడు. మొదటి గడిలో తెలుగు పదము, రెండవదానిలో ఆంగ్లపదము, మూడవదానిలో ఒడియా పదము వ్రాయుడు. కిరణజన్య సంయోగక్రియ, ఫోటోసింథసిస్, ఆలోక శ్లేషణ. ఉత్ప్రేరకము, కెటలిస్టు, ఉత్ప్రేరక. త్రిభుజము, ట్రయాంగిల్, త్రిభుజ. బాష్పోత్సేకమునకు ట్రాన్స్పిరేషన్ అనియు, ద్రవ్యవేగమునకు మొమెంటమ్ అనియు ఆంగ్లపు గడి నింపి, ఒడియా పదమును తోడి విద్యార్థి నడిగి వ్రాసికొనుడు. అడుగుటచే స్నేహమును గలుగును.

ఇట్లు వ్రాయుచు పోగా రెండు సంగతులు తెలియవచ్చును. తెలుగు, ఒడియా శాస్త్రపదములలో పెక్కింటికి సంస్కృతమే మూలము. కావున మూడవ గడి మనము భయపడినంత కొత్తది కాదు. ఇక ఆంగ్లపదములనుకూడ మన సమాసములవలె విడదీయవచ్చును. గ్రీకుభాషలో 'ఫోటో' యనగా వెలుగు, 'సింథసిస్' అనగా కూర్పు. 'కిరణజన్య సంయోగక్రియ' యనునది చెప్పుచున్నదియు దాదాపు అదియే. విగ్రహవాక్యము చెప్పుట నేర్చినవానికి ఈ పని కష్టము కాదు. దినమునకు పది పదములు వ్రాసినచో అరువది దినముల సెలవులలో ఆరువందల పదములగును. మొదటి సంవత్సరపు పాఠములలో మిమ్ము బెదిరించు పదములలో పెక్కు వానిలో ఇమిడియుండును.

3. చెప్పని మాట

మా నాయన దర్జీ. వారమునకొక కార్డు తెలుగులో వ్రాసెడివాడు. "చదువు బాగున్నదా?" అనునది ప్రతి కార్డునందును ఉండెడిది. "బాగున్నది" అని నేను ప్రతిసారియు బదులు వ్రాసితిని. తరగతిలో అర్థముకాక వెనుక కూర్చుండునపుడును అదే మాట. క్రమముగా తరగతులే మానివేసి రేవుగట్టున కాలము గడుపునపుడును అదే మాట. మొదటి సంవత్సరపు పరీక్షలో రెండు విషయములందు తప్పితిని. ఆ సంగతియు రెండు మాసములు దాచితిని. ఊరివారివలన విని నాయన తానే బస్సెక్కి నా గదికి వచ్చెను. కోపపడునని తలచితిని. చాలసేపు మాటలాడక కూర్చుండి, తుదకు ఇంతే యనెను: "తప్పినందుకు కాదురా నా బాధ. నాకు చెప్పనందుకు."

ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది. కష్టము మొదలైన మాసముననే చెప్పియుండిన, నాయన ఎవరినో ఒకరిని విచారించి దారి చూపించియుండును. ఆ అధ్యాపకులయొద్దకు పోయి, "అయ్యా! నేను తెలుగులో చదివినవాడను, ఈ పదములు నాకు కొత్త" అనియుండిన, ఆయన కసరియుండునని నేనిపుడు తలపను. నేను అడుగనేలేదు. తరువాత శాఖ మార్చుకొని, ఏడాది పోగొట్టుకొని, తెలుగు సాహిత్యము చదివి, ఉపాధ్యాయుడనైతిని. తెలుగును ప్రేమించియే ఎన్నుకొంటినని చెప్పుట నాకు గౌరవముగా నుండును గాని, అది పూర్తి నిజము కాదు. మొదట భయముచే తెలుగు నాశ్రయించితిని. ప్రేమ పిదప కలిగినది. మీలో తెలుగు చదువదలచినవారు ప్రేమతో పొండు. విజ్ఞానము చదువదలచినవారు భయముచే దానిని విడువకుడు.

4. చేరకమునుపు విచారింపవలసినవి

ఇవి చిన్నవిగా దోచును గాని ఏడాదిని కాపాడును. కళాశాలలో తెలుగు బోధకులున్నారో లేరో ముందే కనుగొనుడు. బదిలీ పత్రము, మార్కుల పట్టిక, కులధ్రువీకరణ పత్రము మున్నగువానికి రెండేసి నకళ్లు తీసియుంచుడు. అన్నిటిలోను మీ పేరు ఒకే విధముగా నున్నదో లేదో అక్షరాలు పోల్చి చూడుడు. తెలుగు ఇంటిపేరు ఒడియా లిపిలోను, ఆంగ్లములోను ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరున మారుట మన ప్రాంతమున నిత్యానుభవము. హాజరు నూటికి 75 వంతులుండవలెనను నియమము పలుచోట్ల గలదు. దానిని మొదటి దినమే తెలిసికొనుడు.

మున్ముందు ఆంధ్రప్రదేశమునకు పోయి చదువగోరువారు మరియొకటి గమనింపవలెను. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అచటి విశ్వవిద్యాలయములలో నూటికి 85 సీట్లను స్థానిక విద్యార్థులకు కేటాయించినది. నేను ఉపాధ్యాయ శిక్షణకై విశాఖపట్టణము పోయినపుడు, తెలుగువాడనైనను స్థానికుడను కానని అచటికి పోయిన పిదపగాని నాకు తెలియలేదు. నియమములు కాలానుగుణముగా మారుచుండును. ఏ యేటి ప్రకటనను ఆ యేడు స్వయముగా చదువుడు. ఇతరుల నోటిమాటను నమ్మి బయలుదేరకుడు.

5. రెండు గట్టుల నడుమ

ఇచట నన్ను తెలుగువాడనిరి. విశాఖలో నా యాస విని ఒడియావాడనిరి. ఎచటివాడనును కానను దిగులు నాకు కొంతకాలముండెను. ఆ దిగులు తీర్చినది పర్లాకిమిడి ఉపాధ్యాయుని చరిత్ర. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863-1940) 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరిరి. ఉద్యోగము చేయుచునే స్వయముగా చదువుకొని పట్టభద్రులైరి. వాడుక తెలుగుకొరకు వారు చేసిన పోరాటము మీరెరిగినదే. దానికి తోడు, చుట్టుపట్ల కొండలలో నివసించు సవరల భాషను వారినడిగి నేర్చుకొని, ఆ భాషకు వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. ఆ వ్యాకరణము 1931లో ప్రకటింపబడెను. పెక్కు భాషల నడుమ నివసించుట వారికి కొరత కాలేదు, అదియే వారి పాండిత్యమునకు పొలమైనది. మన ప్రాంతపు పిల్లలు బజారులో ఒకటి, ఇంటిలో ఒకటి, బడిలో ఒకటి మాటలాడుచు పెరుగుదురు. ఇతరులు ఏండ్లతరబడి శ్రమించి సంపాదించునది మీకు ఊరకనే లభించినది. దానిని సిగ్గుపడి దాచుకొనకుడు.

విద్యార్థులారా! నాకు కలిగిన నష్టము ఒక్క ఏడాది మాత్రమే కాదు. నాయన కార్డులకు నేను వ్రాసిన అబద్ధపు బదుళ్లును అందు చేరియున్నవి. ఆయన ఇపుడు లేడు. ఆ కార్డులు నాయొద్ద నున్నవి. మీ తలిదండ్రులు నేడు ఫోనులో "ఎట్లున్నది చదువు?" అని అడుగుదురు. ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. అర్థము కానిచో కాలేదని చెప్పుడు. కళాశాల గడప దాటుటకు కావలసిన ధైర్యములో సగము ఆ ఒక్కమాటలోనే యున్నది.

అభ్యాసము

1. మీ సామాన్యశాస్త్ర వాచకమునుండి ఇరువది పదములు తీసి, మూడు గడుల పట్టిక కూర్చుడు.
2. మీ పత్రములన్నిటిలో మీ పేరు ఎట్లు వ్రాయబడియున్నదో పరిశీలించి, భేదములున్నచో ప్రధానోపాధ్యాయులకు తెలుపుడు.
3. మీకు అర్థముకాని ఒక పాఠమునుగూర్చి మీ ఇంటిలో పెద్దలకు పది పంక్తుల లేఖ వ్రాయుడు. వ్రాసిన పిదప దానిని వారికి ఇండు.