డర్హము నగర దర్శనము

ప్రశ్న: లండనులోనున్న మా కుమారుని యొద్దకు పోవుచున్నాము. ప్రాచీన క్రైస్తవ దేవాలయ నగరములలో ఒక్కదానినే చూచు వ్యవధి యున్నది. ఏది చూడవలెను?

జవాబు: కాంటర్బరీ సమీపమే యైనను, రైలులో సుమారు మూడు గంటల దూరముననున్న డర్హమునకే నా యోటు. వియర్ నది మూడు వైపుల చుట్టి పారుచుండగా, ఎత్తైన శిలాతటముపై 1093లో నిర్మాణ మారంభమైన ఆ కథీడ్రల్, స్టేషను నుండియే కన్నుల పండువగా గోచరించును. లోపల మహాస్తంభములపై చెక్కిన గీతలను చూచి మురిసి యూరకుండక, తల యెత్తి పైకప్పును పరికింపుడు. పక్కటెముకలవంటి రాతి కమానులపై అంతటి కప్పును నిలిపిన తొలి ప్రయత్నములలో నిది యొకటి యగుటచే, తరువాతి గోథిక్ వాస్తువునకు మార్గదర్శక మయ్యెను. పశ్చిమమున గెలిలీ మండపములో చరిత్రకారుడగు బీడ్ సమాధియు, తూర్పున సాధువు కుత్‌బర్ట్ సమాధియు కలవు. సాయంకాలపు గానప్రార్థనకు టిక్కెట్టు లేదు. వేళ మాత్రము ముందుగా విచారించుకొనుడు. వీధులు నిట్టనిలువుగా నుండును, తగిన పాదరక్షలు ధరింపుడు.