ముళ్లకంపలో బంతి: గోల్ఫ్ రూల్స్ ఏమంటాయి?

గల్లీ క్రికెట్ ఆడిన ఎవరికైనా ఒక సంగతి తెలుసు. బంతి పక్కింటి గోడ దాటితే ఔటా, రెండు పరుగులా అన్నది ఆటకి ముందే తేల్చుకోవాలి. లేకపోతే గొడవే. గోల్ఫ్‌లో ఇలాంటివన్నీ పుస్తకంలో రాసిపెట్టేశారు. పేరున్న కోర్సు చూడాలంటే మనం విశాఖ ఈస్ట్ పాయింట్‌కో, హైదరాబాద్‌లో గోల్కొండ కోట దగ్గరికో వెళ్లాలి. కానీ ఆ రూల్స్ అచ్చం ఇఫ్-ఎల్స్ కోడ్‌లా ఉంటాయి కాబట్టి, కోర్సుని దివిసీమ పొలాల్లో ఊహించుకుని నేర్చుకుందాం.

మూలసూత్రం ఒకటే: బంతి ఎలా పడి ఉంటే అలాగే కొట్టాలి. చుట్టూ ఉన్న ఎండుటాకులు, రాళ్లు తీసేయొచ్చు. తీస్తుంటే బంతి కదిలితే మాత్రం ఒక స్ట్రోక్ పెనాల్టీ. బతికున్న కొమ్మ అడ్డొచ్చిందని విరిచేస్తే కుదరదు.

ఇక మినహాయింపులు చూద్దాం.

బంతి పడిన దెబ్బకి తను చేసుకున్న గుంటలోనే నల్లరేగడిలో దిగబడిందా? ఇసుక బంకర్‌లో కాకపోతే, పెనాల్టీ లేకుండా తీసి పక్కన వదలొచ్చు. వాన నీళ్లు తాత్కాలికంగా నిలిచిన చోట పడినా అంతే. పక్కనే తాచుపాము ఉందా? అప్పుడూ ఫ్రీయే. అయితే బంతి ఎలాగూ కొట్టలేని ముళ్లకంపలో ఉంటే, పాముని చూపించి ఫ్రీగా బయటపడలేం!

అలాంటప్పుడు పనికొచ్చేది 19వ రూల్. 'ఈ బంతిని ఆడలేను' అని ఆటగాడే ప్రకటించి, ఒక స్ట్రోక్ పెనాల్టీతో మూడింటిలో ఒకటి ఎంచుకోవచ్చు:

1. ముందు కొట్టిన చోటికే వెళ్లి మళ్లీ కొట్టడం.
2. హోల్ నుంచి బంతి మీదుగా వెనక్కి గీత గీసినట్టు ఊహించుకుని, ఆ గీత మీద ఎంత వెనక్కైనా వెళ్లి వదలడం.
3. బంతి ఉన్న చోటి నుంచి రెండు క్లబ్బుల పొడవు లోపల, హోల్‌కి దగ్గర కాకుండా వదలడం.

వదలడం అంటే మోకాలి ఎత్తు నుంచి. 2019కి ముందు భుజం ఎత్తు నుంచి వదిలేవారు.

మొదటి షాటే కంపలో పడిందనుకోండి. మూడింటిలో ఏది తీసుకున్నా తర్వాత కొట్టేది మూడో స్ట్రోకే. లెక్క ఒకటే, చోటే వేరు. మూడోది దగ్గర కదా అని తొందరపడకూడదు. కంప పెద్దదైతే రెండు క్లబ్బుల దూరంలోనూ ముళ్లే ఉంటాయి. వదిలిన బంతి మళ్లీ ఇరుక్కుంటే ఇంకో పెనాల్టీ. ఇక్కడ అన్‌డూ బటన్ లేదు. కాలువలాంటి పెనాల్టీ ఏరియాలో పడితే 19వ రూల్ అసలు వర్తించదు, దానికి 17వ రూల్ వేరే ఉంది.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది ఇంకోటి. ఇవన్నీ చాలావరకు అంపైర్ లేకుండానే నడుస్తాయి. 1925 యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ బంతి గడ్డిలో కాస్త కదిలింది. ఇంకెవరూ చూడలేదు. తనే చెప్పి పెనాల్టీ వేసుకున్నాడు. నాలుగు రౌండ్లయ్యాక విల్లీ మక్‌ఫర్లేన్‌తో స్కోరు సమమైంది, చివరికి ప్లే-ఆఫ్‌లో ఒక్క స్ట్రోక్ తేడాతో ఓడిపోయాడు. ఆ పెనాల్టీ లేకపోతే టైటిల్ అప్పుడే అతనిది.

కోడ్‌లో తప్పుంటే కంపైలర్ పట్టుకుంటుంది. కంపలో మాత్రం మనమే పట్టుకోవాలి.