డ్రైవ్ కనిపించనపుడు: ఇంట కూర్చుకొన్న కరోకే పాటలను కాపాడుకొను విధము

మన పల్లెలలో పాట పాడువారికి కొదువ లేదు. కొదువ యెల్ల వాద్యము వాయించువారికే. నవమి పందిటిలో గొంతు కలుపుటకు పదిమంది సిద్ధముగా ఉందురు గాని, హార్మోనియము పట్టువాడు ఊరిలో ఒక్కడైనను లేకపోవచ్చును. ఈ లోటును తీర్చుకొనుటకు ఇటీవలి కాలమున భజన సమాజములవారు కొందరు కరోకే పద్ధతిని అవలంబించుచున్నారు. గాత్రము లేకుండ వాద్యమును మాత్రము వినిపించుచు, పాట చరణములను తెరపై చూపుటయే కరోకే. ఈ మాట జపాను భాషలోనిది. ‘గాయకుడు లేని వాద్యగోష్ఠి’ అని దాని తాత్పర్యము. 1971లో కోబె నగరమునందు ఇనోవె దైసుకె అను వాద్యకారుడు ఇట్టి యంత్రమునొకదానిని తయారుచేసెను. ఆనాడు అది నాణెము వేసిన పాడెడి పెట్టె. నేడు ఇంటిలోని కంప్యూటరే ఆ పనిని చేయగలదు.

ఇట్లు ఇంట కూర్చుకొన్న పాటలన్నియు ఒక డ్రైవ్‌లో ఉండును. ఆ డ్రైవ్ ఒకనాడు కంప్యూటరులో కనిపించదు. అప్పుడేమి చేయవలెను? అంతకంటె ముఖ్యముగా, ఏమి చేయరాదు? ఈ పాఠమునందు ఆ విషయమును వివరింతుము.

మేము చూచిన ఒక ఉదాహరణ

2024 ఏప్రిలులో శ్రీరామనవమికి నాలుగు దినముల ముందు మేము కృష్ణా జిల్లాలోని ఒక గ్రామమునకు పోయియుంటిమి. ఆ ఊరి భజన సమాజమునకు పెద్దదిక్కు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆయన ఎనిమిది సంవత్సరములు శ్రమించి 212 పాటలకు కరోకే కూర్చెను. వాటిలో వినిపించు హార్మోనియము ఆయన అన్నగారిది. ఆ అన్నగారు 2021లో కాలధర్మము చెందిరి. ఆ వాద్యము మరల లభించునది కాదు.

మేము వెళ్లుసరికి ఆ యింటి వసారాలో నలుగురు గుమికూడియుండిరి. పాటలున్న చిన్న హార్డ్ డిస్క్ ఉదయమునుండి కంప్యూటరులో కనిపించలేదట. తీగను పలుమార్లు కదపగా కదపగా ఎట్టకేలకు తెరపై ఒక ప్రశ్న వచ్చినది. మౌస్ పట్టుకొని కూర్చున్న కుర్రవాడు వెనుకకు తిరిగి, “మాస్టారూ, వాడే ముందు ఫార్మాట్ చెయ్యాలంటోంది. నొక్కెయ్యమంటారా?” అని అడిగెను. “ఆగు బాబూ, చెయ్యి తియ్యి” అని మేము అనవలసివచ్చెను. ఆ మీట నొక్కియున్నచో ఎనిమిదేండ్ల కృషి మిక్కిలి చిక్కులలో పడియుండెడిది.

మొదటి సూత్రము: తొందరపడి ఏ మీటయు నొక్కరాదు

డ్రైవ్ కనిపించకపోవుట వేరు, పాటలు పోవుట వేరు. ఈ భేదమును చదువరులు మొట్టమొదట గ్రహించవలెను. బీరువా తాళము పడినంత మాత్రమున లోని నగలు పోయినట్లు కాదు గదా. పెక్కు సందర్భములలో పాటలు డిస్క్‌లో భద్రముగనే ఉండును. దానికిని కంప్యూటరునకును నడుమ దారి మాత్రము తెగియుండును.

కావున మూడు పనులను ఎట్టి పరిస్థితిలోను చేయరాదు. మొదటిది, ‘ఫార్మాట్’ చేయుమని కంప్యూటరు అడిగిన ఒప్పుకొనరాదు. రెండవది, ‘ఇనిషియలైజ్’ చేయుమని అడిగినను ఒప్పుకొనరాదు. ఈ రెండును డిస్క్‌ను క్రొత్తగా వాడుకకు సిద్ధపరచు పనులే గాని, పాతవానిని తిరిగి తెచ్చు పనులు కావు. మూడవది, ఆ డిస్క్‌పై క్రొత్త ఫైలు దేనిని వ్రాయరాదు.

రెండవ సూత్రము: బయటి పరీక్ష ముందు, లోపలి పరీక్ష తరువాత

డిస్క్‌ను తగిలించి చెవి దగ్గరగా పెట్టి వినుడు. సన్నని గిర్రుమను చప్పుడు నిలకడగా వచ్చుచున్నచో చక్రము తిరుగుచున్నదని తెలిసికొనవచ్చును. అసలు చప్పుడే లేనిచో విద్యుత్తు అందుటలేదేమో చూడవలెను. టిక్కు టిక్కుమని ఒకే తీరున మరల మరల కొట్టుకొనుచున్నచో వెంటనే ఊడదీయవలెను. అది లోపలి భాగములు చెడినదనుటకు సూచన. ఇక త్రిప్పినకొలదియు నష్టము పెరుగును.

చప్పుడు సక్రమముగా ఉన్న పక్షమున తీగను మార్చి చూడుడు. చూచుటకు బాగుగనే ఉన్న తీగ లోపల తెగియుండవచ్చును. తరువాత తగిలించు చోటును మార్చుడు. బల్లపై పెట్టెడి కంప్యూటరులకు ముందువైపున ఉండు యుఎస్‌బి రంధ్రములు పెట్టె లోపలి మరియొక తీగ ద్వారా పనిచేయును. వెనుకవైపువి ముఖ్య ఫలకమునకే నేరుగా అమర్చబడియుండును. జేబులో పట్టు చిన్న డిస్క్‌కు వేరుగా విద్యుత్తు తీగ లేదు. అది తనకు కావలసిన శక్తిని ఆ రంధ్రము నుండియే తీసికొనును. కావున వెనుకవైపు తగిలించుట మేలు. ఒకే రంధ్రమును నాలుగుగా చీల్చు హబ్బుకు తగిలించియున్నచో దానిని తీసివేసి నేరుగా తగిలింపుడు. అప్పటికిని కనిపించనిచో మరియొక కంప్యూటరునకు తగిలించి చూడుడు. అక్కడ కనిపించినచో లోపము డిస్క్‌లో లేదనియే అర్థము.

పైన చెప్పిన గ్రామమునందు తప్పు మొదట తీగలోనే బయటపడెను. మరియొక తీగతో వెనుకవైపు తగిలించినంతనే ఫార్మాట్ ప్రశ్న మాయమై, డిస్క్ తెరుచుకొనెను. చదువుట సరిగా సాగనందున కంప్యూటరు ఆ డిస్క్‌ను పాడైనదిగా భావించి అట్లు అడిగెనే గాని, డిస్క్ ఖాళీగా లేదు.

మూడవ సూత్రము: డ్రైవ్ అక్షరమును చూడవలెను

డిస్క్ తెరుచుకొన్నది గాని, కరోకే ప్రోగ్రాములో ఒక్క పాటయు పలుకలేదు. మాస్టారి ముఖము మరల చిన్నబోయెను. దీనికి కారణము వేరు.

విండోస్ పద్ధతిలో ప్రతి డ్రైవ్‌కును ఒక అక్షరము ఉండును. ఎ, బి అను అక్షరములు పూర్వపు ఫ్లాపీలకు కేటాయింపబడినవి. అందుచేత కంప్యూటరు సొంత డిస్క్ సి తో మొదలగును. బయటినుండి తగిలించినవానికి తరువాత ఖాళీగా ఉన్న అక్షరము లభించును. ఆ యింట పాటల డిస్క్ ఎప్పుడును ‘ఇ’ గా ఉండెడిది. ఆ దినమున ఎవరో ముందుగా ఒక పెన్ డ్రైవ్‌ను తగిలించిరి. ‘ఇ’ దానికి పోయెను, పాటల డిస్క్‌కు ‘ఎఫ్’ వచ్చెను. కరోకే ప్రోగ్రాము తన పట్టికలోని పాత చిరునామా ప్రకారము ‘ఇ’ లోనే వెదకుచుండెను. ఇల్లు మారిన మనిషికి పాత ఇంటికి ఉత్తరము వేసినట్లున్నది.

దీనికి ఉపాయము సులభమైనది. స్టార్ట్ గుర్తుపై మౌస్ కుడి మీట నొక్కి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ను తెరువుడు. పాటల డిస్క్ విభాగముపై కుడి మీట నొక్కి ‘చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్’ అను దానిని ఎంచి, వరుసలో దూరముగా ఉన్న ‘కె’ వంటి అక్షరమును ఇండు. దూరపు అక్షరమైనచో ఇతర పెన్ డ్రైవ్‌లు దానిని ఆక్రమించుట అరుదు. ఆపైన కరోకే ప్రోగ్రాములో పాటల చిరునామాను ‘కె’ గా మార్చవలెను.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించు గుర్తులు

అదే తెరపై డిస్క్ స్థితి కూడ తెలియును. ముఖ్యమైన వానిని ఈ క్రింద ఇచ్చుచున్నాము.

1. ‘హెల్దీ’ అని ఉండి అక్షరము లేనిచో, పైన చెప్పినట్లు అక్షరమును ఇచ్చిన చాలును.

2. ‘ఆఫ్‌లైన్’ అని ఉన్నచో, ఎడమవైపున డిస్క్ పేరుపై కుడి మీట నొక్కి ‘ఆన్‌లైన్’ చేయవలెను.

3. ‘రా’ అని ఉన్నచో, ఫైళ్ల పట్టిక చెడినదని భావించవలెను. ఫార్మాట్ చేయరాదు.

4. ‘అన్ఎలొకేటెడ్’ అని నల్లని గీతతో కనిపించినచో, విభాగముల వివరము పోయియుండవచ్చును. క్రొత్త విభాగమును సృష్టింపరాదు.

5. తాళము గుర్తు ఉన్నచో అది బిట్‌లాకర్ రక్షణ. సంకేతపదము గాని, 48 అంకెల రికవరీ సంఖ్య గాని ఉన్ననే తెరుచుకొనును.

6. అసలు డిస్క్ పేరే లేనిచో తీగ, విద్యుత్తు, లేక డిస్క్ యంత్రమే కారణము.

మూడు, నాలుగు స్థితులలో టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అను ఉచిత సాధనములు ఉపకరించును. మొదటిది పోయిన విభాగమును వెదకి నిలబెట్టగలదు. రెండవది ఫైళ్లను ఏరి తెచ్చును గాని వాటి పాత పేర్లను తేలేదు. ఏరిన ఫైళ్లను మరియొక డిస్క్‌పైననే భద్రపరచవలెను. ‘చెక్‌డిస్క్’ అను మరమ్మతు ఆదేశమును పాటలను వేరుచోట నకలు తీసికొనిన తరువాతనే వాడవలెను. అది డిస్క్‌పై మార్పులు చేయును.

టిక్కు టిక్కుమను డిస్క్‌ను ఇంట విప్పుట మిక్కిలి హానికరము. చదువు భాగమునకును చక్రమునకును నడుమ ఉండు ఎడము ధూళికణము కంటె తక్కువ. అట్టి డిస్క్‌ను ధూళిరహితమైన గదులు గల డేటా రికవరీ సంస్థలకే అప్పగింపవలెను.

పేర్లు ఏల ముఖ్యము?

కరోకే పాట తరచుగా రెండు ఫైళ్ల జంటగా ఉండును. ఒకటి వాద్యము గల ఎంపీత్రీ, రెండవది అక్షరములు చూపు సీడీజీ. రెండింటికిని ఒకే పేరు ఉన్ననే ప్రోగ్రాము వాటిని జతపరచును. పేరులో ఒక్క అక్షరము తేడా వచ్చినను వాద్యము వినిపించును గాని చరణములు కనిపింపవు. కావున పేర్లు పోయిన 200 పాటలను మరల జతపరచుట కొన్ని వారముల పని. ఆ కారణముచేతనే పాటల జాబితాను ఒక నోటు పుస్తకములో వ్రాసి ఉంచుకొనుట మంచిది.

నకలునకు ఎంత చోటు కావలెను?

ఎనిమిదేండ్ల పాటలకు గొప్ప యంత్రములు కావలెనని కొందరు తలంతురు. లెక్క వేసి చూతము. సీడీజీ ఫైలు సెకనుకు 7,200 బైట్లు. నాలుగు నిముషముల పాటకు సుమారు 17 లక్షల బైట్లు. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీత్రీ అదే పాటకు సుమారు 38 లక్షల బైట్లు. అనగా జంటకు 55 లక్షల బైట్లు, 212 పాటలకు సుమారు 1.2 గిగాబైట్లు. మూల ధ్వనిముద్రణములైన వేవ్ ఫైళ్లను కూడ చేర్చినను, పాటకు సుమారు 42 మెగాబైట్ల చొప్పున మొత్తము పది గిగాబైట్లకు కొంచెము మించును. ఒక 16 గిగాబైట్ల పెన్ డ్రైవ్‌లో ఇది యంతయు ఇమిడిపోవును!

పాటలు మూడు ప్రతులుగా ఉండవలెను. అవి రెండు రకముల సాధనములపై ఉండవలెను. ఒక ప్రతి వేరొక ఇంట ఉండవలెను. విత్తనములను ఒకే గాదెలో పోయని రైతునకు ఈ నియమమును వేరుగా బోధింపనక్కరలేదు. మూడు నెలలకొకసారి ఆ ప్రతిని తెరచి నాలుగు పాటలు విని చూచుట కూడ అవసరము. మన గ్రామములలో ఉన్నట్టుండి కరెంటు పోవుట వలన కూడ డిస్క్‌లోని ఫైళ్లు చెడును. కావున యుపిఎస్ వాడుట, డిస్క్‌ను ‘ఎజెక్ట్’ చేసిన పిమ్మటనే ఊడదీయుట అలవరచుకొనవలెను.

ఆనాడు మాస్టారి డిస్క్ తెరుచుకొనిన తరువాత మేము చేయించిన మొదటి పని నకలు తీయించుటయే. 209 పాటలు క్షేమముగా వచ్చినవి. మూడింటి వాద్యభాగము ఎన్నిసార్లు యత్నించినను చదువబడలేదు. ఆ డిస్క్ లోలోపల అరుగుట అప్పటికే ప్రారంభమైనది. ఒక్క సంవత్సరము ముందుగా నకలు తీసియున్నచో ఆ మూడును దక్కెడివేమో. నవమినాటి రాత్రి పందిటిలో 209 పాటల పట్టికనుండి కోరినవి పాడిరి. ఆ మూడు పాటలు మాత్రము తాళములతోనే పాడిరి.

చదువరులు ఈ పాఠమును చదివి ముగించిన దినముననే తమ పాటలకు ఒక నకలు తీసికొని, పొరుగింట ఉంచుదురుగాక.