నీళ్ళు పోస్తే గెంతేవి

సత్తెనపల్లి,
ఆరుద్ర కార్తె.



నువ్వు పంపిన వీడియో నేనూ మీ అమ్మమ్మా నాలుగుసార్లు చూశాం. ‘కుండీల్లో పురుగులు పడ్డాయి తాతయ్యా, వేపనూనె ఎంత కలపాలి?’ అని అడిగావు. ఎంతో చెప్తాలే. ముందు ఆ పురుగులెవరో తేలనీ. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, పేరు తెలియని ప్రాణిమీద మందు కొట్టమని నా నోటితో ఎలా చెప్పను?

నువ్వు చెప్పినవి మూడు. నీళ్ళు పోయగానే మట్టిలోంచి తెల్లటి నలుసులు పైకొచ్చి గెంతుతున్నాయి. బాల్కనీ తలుపు అద్దం మీద సన్నటి నల్ల దోమలు వాలుతున్నాయి. మిరపనారులో రెండు మొక్కలు పడిపోయాయి. గెంతేవే దోమలయ్యాయని, అవే నారుని తినేశాయని నువ్వు లెక్క కట్టేశావు. మూడూ మూడు వేరు సంగతులు. వాటిని కలుపుతున్నది ఒకటుంది గానీ, అది పురుగు కాదు.

గెంతేవాటితో మొదలుపెడదాం. ఒక చెంచాడు మట్టి తీసి గ్లాసుడు నీళ్ళలో వెయ్యి. మునగకుండా నీళ్ళ మీదే తేలి, అక్కణ్ణించి కూడా ఎగిరి దూకుతున్నాయా? అయితే అవి స్ప్రింగ్‌టెయిళ్ళు. ఒకటి రెండు మిల్లీమీటర్లుంటాయి, రెక్కలుండవు, కాళ్ళు ఆరు. పొట్ట కింద చీలిన కర్రముక్క లాంటిది మడిచి గొళ్ళెం పెట్టుకుని ఉంటుంది. బెదిరితే గొళ్ళెం ఊడుతుంది, కర్ర నేలని తంతుంది, ప్రాణి గాల్లో ఉంటుంది. బిళ్ళంగోడులో బిళ్ళ లేచినట్టే, కాకపోతే ఇక్కడ బిళ్ళా గోడూ ఒక్కటే. కుళ్ళిన ఆకూ, బూజూ వీటి తిండి. నీ మొక్కతో వీటికి పెద్దగా పనిలేదు. మట్టి తడిగా ఉందని చెప్పడానికి వచ్చాయంతే.

మనవాళ్ళు పేర్లు పెట్టినవాటిలో ఎక్కువ పైరు తినేవే చూడు: పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ, పచ్చదోమ, తామరపురుగు. మట్టిలో తన మానాన తాను బతికే నలుసుకి ఎవరు పేరు పెడతారు? అందంగా ఉంది కనుక ఆరుద్ర పురుగు ఒక్కటీ తప్పించుకుంది. ఈ కార్తెలో తొలకరి పడగానే చేలగట్ల మీద ఎర్ర ముఖమల్ గుండీల్లా పాకుతాయే, అవి. చిన్నప్పుడు నువ్వు అగ్గిపెట్టెలో దాచినవాటి కాళ్ళు ఎప్పుడైనా లెక్కపెట్టావా? ఎనిమిది. అంటే అది పురుగు కాదు, నల్లి జాతి, సాలీడుకి చుట్టం. కుండీ మట్టిలోనూ దాని దాయాదులుంటాయి. గసగసాల్లా గుండ్రంగా, గోధుమరంగులో, గట్టి పెంకుతో నింపాదిగా నడిచేవైతే కుళ్ళినవి తింటాయి. హడావుడిగా పరుగెత్తేవైతే చాలామటుకు మిగతా పురుగుల్ని వేటాడేవి. రెంటినీ ముట్టుకోకు. వర్మికంపోస్టు కలిపాక తెల్ల దారపుముక్కల్లా మెలికలు తిరిగేవి కనబడినా గాభరాపడకు, అవి వానపాముకి తమ్ముళ్ళు.

అనుమానించాల్సింది దోమల్ని. ఇవి కుట్టవు. ఫంగస్ నాట్ అంటారు. రెండు మూడు మిల్లీమీటర్ల ఒళ్ళు, పొడుగు కాళ్ళు. ఎగరడం సరిగ్గా రానట్టు మట్టిమీదే పరుగులు తీస్తుంటాయి. అరటిపళ్ళ మీద మూగే చిన్న ఈగ వేరు, దాని కళ్ళు ఎర్రగా ఉంటాయి, దానికి పండు కావాలి, దీనికి తడిమట్టి కావాలి. పెద్దవాటితో మొక్కకి బాధ లేదు, వాటి పిల్లలతోనే. పై అంగుళం మట్టిలో అరసెంటీమీటరు పొడుగున, లోపలి తిండి బయటికి కనపడేటంత పలచని ఒళ్ళుతో, నల్లగా నిగనిగలాడే తలతో ఉంటాయి. అసలు తిండి బూజే. కానీ సందు దొరికితే లేత వేళ్ళు కూడా కొరుకుతాయి. ముదిరిన మొక్క తట్టుకుంటుంది, రెండాకుల నారు తట్టుకోలేదు.

మట్టి తవ్వి వెతకకు, నారు వేళ్ళు కదులుతాయి. బంగాళాదుంప (మీ హైదరాబాదులో ఆలుగడ్డ) చక్రంలా కోసి, కోసిన వైపు మట్టికి ఆనేలా పెట్టు. మూడోరోజు తిరగేసి చూడు. నల్లతల పిల్లలుంటే ఆ ముక్క కిందికే చేరి ఉంటాయి. భూతద్దం పది రెట్లదైతే చాలు. లేదంటే ఫోనులో వీడియో తీసి పెద్దది చేసుకో. ఫొటో కన్నా వీడియోయే మేలు, ఎందుకంటే ఇంత చిన్నవాటిని రంగుని బట్టి పోల్చుకోలేం, నడకని బట్టి పోల్చుకుంటాం.

మట్టిలో ఇంకా ఎవరెవరున్నారో చూడాలనిపిస్తే ఒక ఆట ఉంది. ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి గరాటులా తిరగేసి, మూతి దగ్గర దోమతెర ముక్క పెట్టి, మీద గుప్పెడు మట్టి పోసి, పైన బల్బు వేలాడదియ్యి. కింద తడి గుడ్డముక్క వేసిన గిన్నె. మట్టి పైనుంచి ఆరుతున్నకొద్దీ ప్రాణులన్నీ చీకటీ తడీ వెతుక్కుంటూ దిగి గిన్నెలో పడతాయి. ఇటలీలో బెర్లీసీ అనే కీటక శాస్త్రవేత్త 1905లో ఇలాంటి గరాటు చేశాడు, ఆయన వేడినీళ్ళతో కాచాడు. బల్బు పెట్టడం తర్వాత స్వీడన్‌లో టుల్‌గ్రెన్ ఆలోచన. మా బడిలో ప్రయోగశాల అనదగ్గది లేకపోయినా, ఈ గరాటు చూపించిన రోజు పిల్లలు గంట కొట్టినా కదిలేవాళ్ళు కాదు.

ఇక పడిపోయిన మొక్కలు. వాటిని పారేయకపోతే కాడ మొదలు చూడు. మట్టిని ఆనుకున్నచోట కాడ సన్నబడి, నీళ్ళలో నానినట్టు మెత్తగా ఉంటే అది నారుకుళ్ళు. ఏ పురుగూ తినలేదు, తెగులు అది. ఒత్తుగా విత్తి, ఎప్పుడూ తడిగా ఉంచితే వస్తుంది. కత్తిరించినట్టు తెగిపడి ఉంటే మాత్రం రాత్రిపూట వచ్చిపోయే లద్దెపురుగో నత్తో అయ్యుంటుంది, టార్చి పట్టుకుని వెళ్ళి వెతకాలి. నీ వీడియోలో కుండీ మట్టిలోని కొబ్బరిపొట్టు నల్లగా, పిండితే కారేటట్టుంది. గెంతేవీ, దోమలూ, కుళ్ళూ మూడింటినీ పిలిచింది నీ నీళ్ళచెంబే, తల్లీ. పై అంగుళం పొడిబారాకే మళ్ళీ నీళ్ళు. అదీ కుండీని పళ్ళెంలో పెట్టి కిందనుంచి పీల్చుకోనివ్వు, అరగంట తర్వాత మిగిలిన నీళ్ళు పారబొయ్యి. ఎగిరేవాటికి పసుపు అట్టముక్కకి ఆముదం పూసి కుండీ పక్కన గుచ్చు. గుడ్డు దోమ కావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది కనుక అప్పటిదాకా ఓపిక పట్టాలి. వారానికే తగ్గలేదని నాకు ఫోను చెయ్యకు.

ఆకుల మీదవి వేరే చదువు. మిరప కనుక ఇప్పుడే చెప్పి పెడతాను. ఆకు అంచులు పైకి లేచి దొప్పలా ముడుచుకుంటే తామరపురుగు, మా రైతులు పైముడత అంటారు. అంచులు కిందికి వంగి బోర్లించిన పడవలా ఉంటే నల్లి, అది కిందిముడత. ఈ నల్లి మిల్లీమీటరులో అయిదోవంతు, భూతద్దం లేకపోతే ఉన్నట్టే తెలియదు. అందుకే చెట్టుని ముందు అడగాలి, పురుగుని తర్వాత. లేత కొమ్మ కింద తెల్లకాగితం పట్టి రెండుసార్లు తట్టు. చిన్న పుల్లముక్కల్లా సన్నగా రాలి పరుగెత్తేవి తామరపురుగులు. 2021లో ఇక్కడ చేలల్లో కాగితం పడితే నల్లపుల్లలు రాలాయి, అదీ పూలలోంచి. అంతకుముందు మిరపలో మనకి అలవాటైన తామరపురుగు లేత పసుపుది, ఎక్కువగా ఆకుల మీదుండేది. రైతులు పాత పురుగే అనుకుని పాత మందులే కొట్టారు. తోటలకి తోటలు పూత రాలిపోయాయి. అది బయటి దేశంనుంచి వచ్చిన వేరే జాతి అని ఊళ్ళో అందరికీ తెలిసేసరికి సగం పంటకాలం గడిచింది.

పేనుబంకని పోల్చుకోవడం తేలిక: వెనకవైపు రెండు సన్నటి గొట్టాలుంటాయి, చుట్టూ చీమలు తిరుగుతుంటాయి. ఆకు మీద కదలని తెల్లపొట్టు రాలి ఉంటే అవి వేరే పురుగులు కావు, పేనుబంక విడిచిన కుబుసాలు. జెనీవాలో బొనే అని నీలాంటి ఇరవయ్యేళ్ళ కుర్రాడు 1740లో అప్పుడే పుట్టిన ఒక్క పేనుబంకని వేరుచేసి గాజుకప్పు కింద పెట్టి, రోజూ భూతద్దంతో కాపలా కాశాడు. మగ తోడు లేకుండానే అది తొంభై అయిదు పిల్లల్ని పెట్టింది. ‘నిన్న లేవు, ఇవాళ ఇన్నెలా వచ్చాయి’ అని నువ్వు ఏదో ఒకరోజు అడుగుతావు కదా, అందుకు చెప్పాను.

వేపనూనె సంగతి. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, కలవడానికి రెండు చుక్కల సబ్బునీళ్ళు, సాయంత్రం పూట, ముందు ఒక్క మొక్క మీద కొట్టి రెండ్రోజులు ఆగాలి. ఆకుల మీదవాటికి మాత్రమే. ఈ ఆగడం నేను నేర్చుకున్నది మీ అమ్మ చిన్నప్పుడు. వంగనారు మట్టిలో తెల్లనలుసులు గెంతుతుంటే రెట్టింపు కలిపి మిట్టమధ్యాహ్నం కొట్టాను. సాయంత్రానికి నారంతా మాడింది. మర్నాడు నీళ్ళు పోస్తే తెల్లనలుసులు మాత్రం నిక్షేపంగా గెంతాయి.

ఇవాళే బంగాళాదుంప ముక్క పెట్టు. ఎల్లుండి తిరగేసి, కింది వైపు వీడియో తీసి పంపు. నల్లతలలు ఎన్నున్నాయో తానే లెక్కపెడతానని మీ అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది.

మీ తాతయ్య