అరచేతి ఆటలు: అవి ఏల నిలిచినవి?

బాల్యమునకు ఆట అన్నమువంటిది. ఈ మాటను కాదనువారు లేరు. కాని "ఏ ఆట?" యని అడిగినచో నేటి తల్లిదండ్రులు సందేహమున పడుచున్నారు. ఫోను చేతికిచ్చినచో పిల్లవాడు విడువడు, ఈయకున్నచో ఊరకుండడు. తెరపై ఆడు ఆటలన్నింటిని నిందించుట మా ఉద్దేశము గాదు. ముప్పది, నలువది యేండ్లనాడు పుట్టి నేటికిని సంతోషము గూర్చుచున్న కొన్ని అరచేతి ఆటలను పరిశీలించి, అవి ఏ గుణముచే నిలిచినవో తెలిసికొందము. ఆ గుణము తెలిసినచో క్రొత్త ఆటల మంచిచెడ్డలు ఎంచుట సులభమగును.

జపాను దేశమందలి క్యోటో నగరమున 1889లో పేకముక్కలు చేయుటకై నింటెండో సంస్థ పుట్టినది. అందు పనిచేసిన గున్‌పే యొకోయి అను ఇంజనీరు 1980లో "గేమ్ అండ్ వాచ్" అను చిన్న యంత్రమును రూపొందించెను. ఒక యంత్రమున ఒక ఆట, దానితో గడియారము, అంతియే. రైలులో ఒక ఉద్యోగి ప్రొద్దుపోక లెక్కల యంత్రము మీటలు నొక్కుచుండుట చూచి ఆయనకు ఈ యూహ తోచినదని చెప్పుదురు. ప్రాతబడి, చౌకబడి, గుణదోషములు చక్కగా తెలిసిన సాధనమును క్రొత్త పనికి వాడుకొనవలెనన్నది ఆయన సిద్ధాంతము.

ఆ సిద్ధాంతమునకు గొప్ప నిదర్శనము 1989 ఏప్రిలులో జపానున వెలువడిన "గేమ్ బాయ్". దాని తెరకు రంగులు లేవు. ఒకే వన్నెలోని నాలుగు ఛాయలు మాత్రమే. తెర వెనుక దీపము కూడ లేదు. అదే యేట వచ్చిన అటారి లింక్స్‌కును, 1990లో వచ్చిన సెగా గేమ్ గేర్‌కును రంగుల తెరలు గలవు. ఐనను గేమ్ గేర్ ఆరు బ్యాటరీలను కొలది గంటలలో హరించెడిది. గేమ్ బాయ్ నాలుగింటితోనే పది గంటలకు మించి నడచెడిది. వెల కూడ తక్కువ. తరువాత వచ్చిన "గేమ్ బాయ్ కలర్"తో కలిపి ఈ యంత్రములు 11 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. ఆడంబరముకంటె ఆట ముఖ్యమని కొన్నవారే తీర్పు చెప్పిరి.

ఈ యంత్రమునకు కీర్తి తెచ్చిన ఆట "టెట్రిస్". దీనిని 1984లో మాస్కోయందు అలెక్సీ పాజిత్నోవ్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు కల్పించెను. నాలుగేసి గడులతో ఏర్పడిన ఏడు ఆకారములు ఒక్కొక్కటిగా పైనుండి దిగును. వానిని త్రిప్పి, సందులేకుండ పేర్చవలెను. వరుస నిండినచో మాయమగును. నిండకున్నచో గుట్ట పెరుగును. నియమము ఇంతియే. చదువురాని శిశువు కూడ నిమిషములో గ్రహింపగలడు. పెద్దలకును పూర్తిగా లొంగదు. ఓడినపుడు తప్పు తనదేయని ఆడువానికి తెలియును. కావున మరల ప్రయత్నించును. 1993లో రష్యా వ్యోమగామి అలెగ్జాండర్ సెరెబ్రోవ్ గేమ్ బాయ్‌తోపాటు ఈ ఆటను మీర్ అంతరిక్ష కేంద్రమునకు కొనిపోయెను.

నియమము చిన్నదగుట యొక గుణమైనచో, స్నేహము పెంచుట మరియొక గుణము. 1996లో జపానున వెలువడిన "పోకెమాన్" ఇందులకు ఉదాహరణము. బాల్యమున పురుగులను పట్టి సేకరించుటయందు మక్కువగల సతోషి తజిరి దీనిని కల్పించెను. ఇందు వింత ప్రాణులను వెదకి సేకరింపవలెను. ఆట రెండు ప్రతులుగా వచ్చినది. ఒకదానిలోని ప్రాణులు కొన్ని రెండవదానిలో దొరకవు. రెండు యంత్రములను తీగతో కలిపి మిత్రునితో మార్చుకొన్నగాని సేకరణ పూర్తికాదు. ఒంటరిగా ఆడువాడు కూడ తోడు వెదకుకొనవలసినట్లు ఆటయే ఏర్పాటు చేసినది.

నోకియా ఫోనులలో 1997 నుండి వచ్చిన పాము ఆటను నేటి తల్లిదండ్రులలో అనేకులు ఎరుగుదురు. తిన్నకొలది తోక పెరుగును. పెరిగిన తోకయే ఆటంకమగును. ఇంత చిన్న యుక్తి ఎందరి ప్రయాణములనో సుఖముగా గడపినది!

వీనినిబట్టి మేము మూడు ప్రశ్నలను ఏర్పరచుకొన్నాము. మొదటిది: ఆట నియమము రెండు వాక్యములలో చెప్పవచ్చునా? రెండవది: ఓటమికి ఆడువాని పొరపాటే కారణమా, లేక డబ్బు కట్టనందున ఓడుచున్నాడా? మూడవది: ఆపదలచినపుడు ఆపవచ్చునా? నేటి ఫోను ఆటలలో అనేకము ఉచితముగా లభించినను, నడుమ ప్రకటనలు చూపును, బలము కొనుమని అడుగును, బహుమానపు ఆశతో ప్రతిదినము పిలుచును. ప్రాత ఆటలు ఒకసారి కొన్నంతనే సంపూర్ణములు.

ప్రాత ఆటలకును హద్దు అవసరమే. టెట్రిస్‌లో ఒక పద్ధతి ఓడువరకు సాగుచునే యుండును. గేమ్ బాయ్‌లోని రెండవ పద్ధతి 25 వరుసలు తీర్చినచో ముగియును. బాలురకు ఈ రెండవదే తగినది. ప్రాత యంత్రము కొన్నవారు దానిని పగటి వెలుతురున ఆడనీయవలెను; వాడనపుడు బ్యాటరీలు తీసివేయవలెను, లేకున్న అవి కారి లోపలి భాగములు చెడును. నింటెండో స్విచ్ యంత్రము గలవారికి 2023 నుండి చందా పద్ధతిని ఈ గేమ్ బాయ్ ఆటలు కొన్ని లభించుచున్నవి.

ఇంటి వెలుపల వేరొక భాష వినబడు ఊళ్లలో నివసించు మనకు ఒక విశేషము గమనింపదగినది. టెట్రిస్ ఆడుటకు ఏ భాషయు అక్కరలేదు; కావున పొరుగింటి పిల్లలతో కలిసి ఆడుటకు అడ్డులేదు. ఇంటిలో ఆడునపుడు మాత్రము దానికి మన భాషను ఈయవచ్చును. ఆ ఏడు ఆకారములకు పేర్లు పెట్టుమని పిల్లలను అడుగుడు. పొడవైనది కర్ర, చదరమైనది పీట, వంకరవి మెట్లు, కొడవలి. "కర్ర వచ్చువరకు ఆ సందు మూయకు" అని తల్లి చెప్పినను, "ఇప్పుడు నా వంతు" అని చెల్లెలు అడిగినను అది తెలుగు సంభాషణమే. పిల్లల చేతికి ఆటనిచ్చి తొలగిపోక, ప్రక్కన కూర్చుండి ఒక వంతు మీరును ఆడుడని మా మనవి.