పిల్లి లిట్టర్ బాక్స్ బయట మూత్రం పోస్తోందా?

ఇన్నాళ్లూ లిట్టర్ బాక్స్‌నే వాడిన పిల్లి ఉన్నట్టుండి పరుపు మీదో, బట్టల కుప్పలోనో మూత్రం పోస్తే, అది కక్ష కట్టిందని అనుకుంటారు. కొట్టినా ప్రయోజనం ఉండదు. మూత్రాశయం వాచి మంట పుడుతున్నప్పుడు, ఆ నొప్పిని పిల్లి బాక్స్‌తో ముడిపెట్టుకుని వేరే మెత్తని చోటు వెతుక్కుంటుంది. కాబట్టి ముందుగా పశువైద్యుడి దగ్గర మూత్రపరీక్ష చేయించాలి.

మగపిల్లి విషయంలో జాప్యం అసలు పనికిరాదు. దాని మూత్రమార్గం చాలా సన్నం. స్ఫటికాలు, జిగురు పదార్థం అడ్డుపడి అది మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దీన్ని మలబద్ధకమని పొరబడేవారూ ఉన్నారు.

నిలబడి, తోక ఎత్తి గోడ మీద చిమ్మితే మాత్రం అది సాధారణంగా హద్దు గుర్తు. సంతాన నిరోధక శస్త్రచికిత్సతో చాలావరకు తగ్గుతుంది.

జబ్బేమీ లేదని తేలితే బాక్స్ సంగతి చూడాలి: రోజూ శుభ్రం చేస్తూ, తిండిగిన్నెకు దూరంగా, పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువగా ఉంచాలి. పాత వాసన మిగిలితే పిల్లి మళ్లీ అక్కడికే వస్తుంది. ఆ మరకలకు ఎంజైమ్ క్లీనర్ వాడాలి. ఫినాయిల్ వద్దు, అందులోని ఫినాల్ పదార్థాలు పిల్లులకు విషం.